అలాస్కా సాల్మన్ ట్రిప్: జూలై 4 వారమా, జూలై చివరా, లేబర్ డేనా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, తర్వాత చదివేవాళ్ళకీ అర్థమవుతుంది. డల్లాస్ నుంచి నలుగురు స్నేహితులు, ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలను కూడా తీసుకుని వచ్చే వేసవిలో అలాస్కా వెళ్దామనుకుంటున్నారు. సెలవు వారం రోజులు. బోట్ లేదు, గట్టు మీద నుంచే పట్టాలి. నలుగురిలో ముగ్గురు ఇంతవరకు గేలం ముట్టుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు కూలర్ నిండా చేప ఉండాలి, కుదిరితే ఒక్క పెద్ద కింగ్ సాల్మన్ అయినా పడాలి. జూలై 4 లాంగ్ వీకెండ్, జూలై చివర, లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం), ఈ మూడింట్లో ఏది మంచిదన్నది మీ ప్రశ్న.

జూలై 18 నుంచి 28 లోపు ఏదో ఒక వారం తీసుకోండి. నది యాంకరేజ్‌కి దక్షిణాన ఉన్న కీనై, మకాం దాని ఒడ్డునున్న సాల్డోట్నా ఊరు, పట్టాల్సిన చేప సాకై అనే రకం సాల్మన్. జూలై 4 వారం కీనైకి వద్దు. కింగ్ ఆశ ఈసారికి వదిలేయండి. నేను సియాటిల్ వైపు ఉంటాను, చాలా ఏళ్లుగా వేసవిలో కీనై వెళ్తూనే ఉన్నాను, తెలిసినవాళ్ళని తీసుకెళ్తుంటాను కూడా. మీలాంటి బృందానికి ఇంతకన్నా అనువైన వారం నాకు కనబడలేదు. కారణాలు కూడా వివరంగా రాస్తాను. అవి తెలిస్తే సెలవు దొరక్క తేదీలు అటూఇటూ అయినా ఏం మార్చుకోవాలో మీకే తెలుస్తుంది.

"అలాస్కాలో సాల్మన్ సీజన్ మే నుంచి సెప్టెంబర్ దాకా" అని టూర్ల వాళ్ళు రాస్తుంటారు. ఆ మాట అబద్ధం కాదు గానీ, దాన్ని నమ్ముకుని టికెట్ కొనకూడదు. అక్కడ ఉన్నది 5 రకాల సాల్మన్: కింగ్, సాకై, సిల్వర్ అని పిలిచే కోహో, పింక్, చమ్. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఒక్కో రకం ఒక్కో నదికి తన సమయంలో వస్తుంది. ఒకే నదికి ఒకే రకం రెండు విడతలుగా రావడమూ ఉంది. అందుకని నెల ఎంచుకునే ముందు చేపని, నదిని ఎంచుకోవాలి. ఆ రెండూ తేలిపోతే తేదీ దానంతట అదే తేలుతుంది.

కీనై సంగతే చూడండి. కూపర్ ల్యాండింగ్ దగ్గర రష్యన్ రివర్ అనే చిన్న ఏరు వచ్చి కీనైలో కలుస్తుంది. ఆ ఏటికి చెందిన సాకై మొదటి విడత జూన్ నడిమికి వస్తుంది. అక్కడ సాకై పట్టడానికి మామూలుగా జూన్ 11న తెరుస్తారు. ఆ విడత జూన్ మూడు, నాలుగు వారాల్లో బాగా నడిచి, జూలై వచ్చేసరికి పలచబడుతుంది. రెండో విడత చాలా పెద్దది, మొత్తం కీనై నదికంతా చెందినది. అది జూలై 10 దాటాక మొదలై, నెల మూడో వారంలో చిక్కబడి, ఆగస్టు మొదటి వారం దాకా సాగుతుంది. జూలై 4 సరిగ్గా ఈ రెండింటి మధ్య ఖాళీలో పడుతుంది. మొదటి విడత తోక చివర, రెండోది ఇంకా సముద్రంలో. సెలవు కలిసొచ్చిందని ఆ వారం వచ్చి, పొద్దస్తమానం నీళ్ళలో నిలబడి ఒకటో రెండో చేపలతో వెళ్ళిపోయేవాళ్ళని ఏటా చూస్తుంటాను. హోటల్ రేట్లకి మాత్రం లోటుండదు.

అదే జూలై 4కి, అదే రాష్ట్రంలో, నైరుతి మూలనున్న బ్రిస్టల్ బేలో ప్రపంచంలోకెల్లా పెద్ద సాకై పరుగు (చేపలు గుంపులుగా నదుల్లోకి ఎదురెక్కడం) పతాక స్థాయిలో ఉంటుంది. 2022లో ఆ ఒక్క సీజన్‌లో అక్కడికి దాదాపు 7.9 కోట్ల సాకై వచ్చాయి. తేదీ ఒకటే, చేప ఒకటే, నది మారితే కథ మొత్తం మారిపోతుంది. కానీ బ్రిస్టల్ బేకి రోడ్డు లేదు. చిన్న విమానంలో వెళ్ళి లాడ్జిలో ఉండాలి, ఖర్చు ఎక్కువ. పెద్దవాళ్ళతో వెళ్ళే మొదటి ట్రిప్‌కి అది సరిపడదు. యాంకరేజ్‌లో దిగి కారు తీసుకుంటే కూపర్ ల్యాండింగ్ దాదాపు 100 మైళ్ళు, సాల్డోట్నా దాదాపు 150. దారిలో మొదట చాలాదూరం ఒకపక్క సముద్రపు పాయ, ఇంకోపక్క కొండలు. అమ్మానాన్నలకి ఆ ప్రయాణం కూడా గుర్తుండిపోతుంది.

ఇక సాకై ఎందుకంటే, గట్టు మీద నిలబడి కొత్తవాళ్ళు పట్టడానికి దాన్ని మించింది లేదు. ఆ చేప స్వభావమే అలాంటిది. పెద్ద నదిలో ఎదురీదేటప్పుడు బలం ఆదా చేసుకోవడానికి వేగం తక్కువుండే అంచు వెంట, మోకాలి లోతు నీళ్ళలో, వరసగా పోతుంది. గట్టుకి పది పదిహేను అడుగుల లోపే దారి. కొత్తగా వచ్చినవాళ్ళు వేడర్లు (నీళ్ళు లోపలికి రాని పొడవాటి ప్యాంట్లు) తొడుక్కుని నడుము లోతుకి దిగి నది మధ్యకి విసురుతుంటారు. చేపలేమో వాళ్ళ కాళ్ళ వెనక నుంచి పోతుంటాయి. కీనై అనేది గ్లేసియర్ల నుంచి వచ్చే నది. నీళ్ళు పచ్చటి నీలంగా, ఎముకలు కొరికేంత చల్లగా, వేగంగా ఉంటాయి. లోతుకి దిగడం ప్రమాదం, పైగా అనవసరం.

సాకై సముద్రంలో తినేది సన్నటి రొయ్యపిల్లల్లాంటి ప్లాంక్టన్. నదిలోకి వచ్చాక ఏదీ తినదు. ఎర వేసి పిలిస్తే రాదు. అందుకే అక్కడ పట్టే పద్ధతి వేరు. దారానికి ఒక సీసం గుండు, దానికి మూడు నాలుగు అడుగుల దూరంలో బొచ్చు కట్టిన చిన్న గేలం. రాడ్ పొడవు కన్నా కొంచెమే ఎక్కువ దారం వదిలి, ప్రవాహానికి ఎగువగా విసరాలి. గుండు అడుగున రాళ్ళని తాకుతూ టక్ టక్‌మని వస్తుంది, అది చేతికి తెలియాలి. తెలియకపోతే బరువు చాలట్లేదు, ఒక్కచోటే ఆగిపోతే ఎక్కువైంది. గుండు మీ ముందు నుంచి దాటి కాస్త దిగువకి వెళ్ళగానే రాడ్‌ని గట్టు వైపు, నీటికి దగ్గరగా, ఒక ఊపు ఊపాలి. మళ్ళీ విసరాలి. నోరు తెరిచి మూస్తూ ఈదే చేప దవడకి దారం తగిలి, గేలం బయటి నుంచి నోటి మూలకి వచ్చి పట్టుకుంటుంది. పట్టుకున్న క్షణం టక్ టక్ ఆగిపోయి దారం బరువెక్కుతుంది, మరుక్షణం 6, 7 పౌండ్ల చేప నీళ్ళపైకి ఎగురుతుంది. అరగంట చూసి చేస్తే ఎవరికైనా వస్తుంది. ఒక నియమం మాత్రం తప్పనిసరి: గేలం నోటికి కాకుండా రెక్కకో వీపుకో తగిలితే ఆ చేపని నీళ్ళలోంచి బయటికి తీయకుండా వెంటనే వదిలేయాలి. అలా తగిలేవి చాలానే ఉంటాయి, విసుక్కోవద్దు. ఇంకోటి, అందరూ కళ్ళజోడు పెట్టుకోవాలి. చేప తప్పించుకున్నప్పుడు ఆ సీసం గుండు బుల్లెట్‌లా వెనక్కి వస్తుంది. పక్కన నిలబడి ఫోటోలు తీసే అమ్మానాన్నలకి కూడా కళ్ళజోడు ఇవ్వండి.

ఇప్పుడు చేప నాణ్యత గురించి. తేదీ ఎంచుకునేటప్పుడు అందరూ ఎన్ని పడతాయనే చూస్తారు, ఎలాంటివి పడతాయో చూడరు. మనవాళ్ళకి పులస తెలుసు. వరదనీటికి సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురెక్కే చేప, నదిలో ఎంత పైకి వస్తే అంత రుచి అని నమ్ముతాం. సాల్మన్ విషయంలో ఈ లెక్క పూర్తిగా తిరగబడుతుంది. నదిలోకి వచ్చింది మొదలు అది తిండి మానేసి, ఒంట్లోని కొవ్వునీ కండనీ కరిగించుకుంటూ గుడ్లు పెట్టే చోటికి పోతుంది. సముద్రం నుంచి అప్పుడే వచ్చిన సాకై అద్దంలా వెండిరంగులో ఉంటుంది, పొలుసు చేతికి ఊడొస్తుంది. తోక దగ్గర సముద్రపు పేలు అంటుకుని ఉంటే అది ఉప్పునీళ్ళు వదిలి ఎంతోసేపు కాలేదన్నమాట. రోజులు గడిచేకొద్దీ ఒళ్ళు ఎర్రబడుతుంది, తల పచ్చబడుతుంది, మగచేప దవడ కొక్కెంలా వంకర తిరుగుతుంది. ఆ ఎర్ర చేప ఫోటోకి అందంగా ఉంటుంది గానీ కండ పాలిపోయి మెత్తబడుతుంది. పులుసులో వేస్తే విడిపోతుంది.

కాబట్టి తినడానికి పట్టేవాళ్ళు రెండు చూసుకోవాలి. పరుగు మొదటి సగంలో వెళ్ళాలి, సముద్రానికి దగ్గరగా ఉండాలి. సాల్డోట్నా బ్రిడ్జి నదీముఖం నుంచి 21వ మైలు దగ్గర ఉంది. జూలై మూడో వారంలో అక్కడ పడేవన్నీ దాదాపు వెండి చేపలే. అవే చేపలు 70 మైళ్ళు దాటి రష్యన్ రివర్ చేరేసరికి ఆగస్టు వస్తుంది, చాలావాటికి రంగు తిరుగుతుంది. ఆగస్టు నడిమిలో రష్యన్ రివర్‌కి వెళ్ళి "చేపలు బోలెడున్నాయి, ఒక్కటీ తినేలా లేదు" అని వచ్చేవాళ్ళ బాధ ఇదే. నన్నడిగితే పరుగు పతాక స్థాయికి చేరే వారం కన్నా ఆ ముందు వారమే మేలు. రోజుకి నాలుగైదు చేపలు తక్కువ తగలొచ్చు, ఎలాగూ మీ పరిమితి నిండిపోతుంది, చేప మాత్రం కళకళలాడుతుంటుంది, జనం కాస్త తక్కువ.

ఆ పతాక వారం ఎప్పుడో ముందే తెలుసుకోవడం ఎలా? జూలై 20న చేప వస్తుందని ఎవరూ రాసివ్వలేరు, ఏడాదికేడాది కొన్ని రోజులు ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కానీ అలాస్కా ఫిష్ అండ్ గేమ్ శాఖ ఒక గొప్ప మేలు చేస్తోంది. కీనైలో 19వ మైలు దగ్గర, అంటే సాల్డోట్నా బ్రిడ్జికి కొద్దిగా దిగువన, నీళ్ళలో సోనార్ (శబ్ద తరంగాలతో చేపల్ని పసిగట్టే పరికరం) పెట్టి ఏ రోజు ఎన్ని సాకై దాటాయో లెక్కకట్టి వెబ్‌సైట్లో పెడుతుంది. పాత సంవత్సరాల లెక్కలు కూడా రోజువారీగా ఉంటాయి. సాయంత్రం కూర్చుని గత పదేళ్ళవి పక్కపక్కన పెట్టుకు చూడండి. జూలై మొదట్లో రోజుకి కొన్ని వేలే ఉంటాయి. ఒకరోజు హఠాత్తుగా పదుల వేలకి ఎగురుతుంది, కొన్ని రోజులు లక్ష కూడా దాటుతుంది. ఆ ఎగిరే రోజు చాలా ఏళ్లలో ఏ తేదీల మధ్య పడిందో చూస్తే, నేను జూలై 18 ఎందుకన్నానో మీకే తెలుస్తుంది. నా అనుభవంలో రోజుకి 30 వేలు దాటిందంటే గట్టున నిలబడ్డ కొత్తవాళ్ళకి కూడా చేప పడుతుంది. 10 వేల లోపు ఉంటే చేయి తిరిగినవాళ్ళు కూడా ఓపిక పట్టాల్సిందే.

వెళ్ళాక కూడా పొద్దున్నే ఆ లెక్క చూడటం అలవాటు చేసుకోండి. చేపలు గుంపులుగా వస్తాయి. నిన్న 80 వేలు ఉన్నది ఇవాళ 25 వేలకి పడిపోవచ్చు. దానికో కారణం సముద్రంలో వలలు. కీనై వెళ్ళి కలిసే సముద్రపు పాయ కుక్ ఇన్లెట్‌లో, నీటితో తేలే వలలు వేసే వాణిజ్య డ్రిఫ్ట్ పడవలు మామూలుగా సోమ, గురువారాల్లో వలలు వేస్తాయి, పరుగు బాగుంటే అదనపు రోజులూ ఇస్తారు. వలలు పడ్డాక నదిలో లెక్క తగ్గడం, వలలు లేని రోజుల తర్వాత పెరగడం చూస్తుంటాం. ఆటుపోట్లు ఇంకో కారణం. కుక్ ఇన్లెట్‌లో పోటు చాలా పెద్దది, దాంతోపాటే చేపలు నదిలోకి తోసుకొస్తాయి. అందుకే వారంలో కనీసం నాలుగు రోజులు నది దగ్గర ఉండేలా చూసుకోండి. రెండు రోజులకే వెళ్తే గుంపుకీ గుంపుకీ మధ్య ఖాళీలో ఇరుక్కునే ప్రమాదం ఉంది. తెల్లారి 4 గంటలకి లేవాలన్న టెన్షన్ అక్కర్లేదు. సాకైకి ఎర అక్కర్లేనట్టే వేళ కూడా అక్కర్లేదు, గుంపు వచ్చినప్పుడు మిట్టమధ్యాహ్నమైనా పడుతుంది. జూలైలో అక్కడ రాత్రి 11 దాకా వెలుతురు ఉంటుంది. భోజనం చేసి 9 గంటలకి తీరిగ్గా వెళ్ళి చూడండి, పొద్దున్నుంచీ నిలబడ్డవాళ్ళు వెళ్ళిపోయి గట్టు ఖాళీగా దొరుకుతుంది.

జనం విషయం దాచను. ఆ రోజుల్లో సాల్డోట్నా కిటకిటలాడుతుంది. పైగా జూలై 10 నుంచి 31 దాకా కీనై నదీముఖం దగ్గర అలాస్కా వాసులు పెద్ద చేతివలలతో సాకై పట్టుకునే సీజన్. అది ఆ రాష్ట్రవాసులకి మాత్రమే, మనం వల ముట్టుకోకూడదు, సాయం పేరుతో పట్టుకున్నా నేరమే. వాళ్ళంతా శని, ఆదివారాల్లో యాంకరేజ్ నుంచి దిగుతారు. కాబట్టి శనివారం యాంకరేజ్‌లో దిగి, ఆదివారం మెల్లగా బయల్దేరి, సోమవారం నుంచి శుక్రవారం దాకా పట్టి, శనివారం తిరుగు ప్రయాణం పెట్టుకుంటే రద్దీకి ఎదురు దిక్కులో పోతారు.

కింగ్ గురించి. కీనై కింగ్‌కి ఉన్న పేరు నాకు తెలుసు. గేలానికి పడ్డ ప్రపంచ రికార్డు కింగ్ ఆ నదిదే: 1985 మే 17న లెస్ ఆండర్సన్ పట్టింది, 97 పౌండ్ల 4 ఔన్సులు. ఆ చేప నమూనా సాల్డోట్నా విజిటర్ సెంటర్లో ఉంది, తప్పకుండా చూడండి. కానీ ఆ నదికి ఇప్పుడు కింగ్‌లు చాలా తక్కువగా వస్తున్నాయి, ఈమధ్య ఏళ్లలో కీనైలో కింగ్ పట్టడమే మూసేస్తూ వస్తున్నారు. యూకాన్ నదిలో పరిస్థితి ఇంకా దారుణం. 2024లో అలాస్కా, కెనడా కలిసి అక్కడ 7 ఏళ్లపాటు కింగ్ వేట ఆపాలని ఒప్పందం చేసుకున్నాయి. తరతరాలుగా ఆ చేప మీద బతికిన ఊళ్ళు ఎండు చేప లేకుండా చలికాలం గడుపుతున్నాయి. అలాంటప్పుడు మనం ఫోటో కోసం కింగ్ వెంట పడటం నాకు మనసొప్పదు. మీ గేలానికి పొరపాటున కింగ్ తగిలితే నీళ్ళలోనే ఉంచి విప్పేయండి. వెండి సాకైకీ కింగ్‌కీ తేడా సులువే: కింగ్ వీపు మీదా తోక నిండా నల్ల చుక్కలుంటాయి, కింది దవడ చిగుళ్ళు నల్లగా ఉంటాయి. సాకైకి ఆ పెద్ద చుక్కలుండవు.

నియమాలు సీజన్ మధ్యలో కూడా మారతాయని గుర్తుంచుకోండి. చేపలు తక్కువ వస్తే అత్యవసర ఉత్తర్వు ఇచ్చి మూసేస్తారు, ఎక్కువ వస్తే పరిమితి పెంచుతారు. కీనైలో సాకై మామూలు పరిమితి రోజుకి మనిషికి 3, దగ్గర ఉంచుకోదగ్గవి 6. బాగా వచ్చిన ఏళ్లలో రోజుకి 6 చేశారు. మూడేసి చొప్పున లెక్కేసినా నలుగురికి రెండు మంచి రోజుల్లో 24 చేపలు. ఒక్కో చేపకి 3 పౌండ్ల కండ వస్తుందనుకుంటే 70 పౌండ్ల పైమాట. ప్రాసెసింగ్ షాపులో ఇచ్చి ప్యాక్ చేసి గడ్డకట్టించేస్తే అవి ఆ 6 లెక్కలోకి రావు, మిగతా రోజుల్లో మళ్ళీ పట్టొచ్చు. బయల్దేరే ముందురోజు, మళ్ళీ అక్కడికి చేరిన రోజు, ఆ శాఖ వెబ్‌సైట్లో ఉత్తర్వులు చూడండి. పక్కనున్నవాడు చెప్పిన మాట మీద ఆధారపడొద్దు. లైసెన్స్ ఆన్‌లైన్లో కొనొచ్చు. 16 ఏళ్లు నిండిన బయటివాళ్ళందరికీ ఉండాలి. 60 దాటినవాళ్ళకి ఉచితమన్నది అలాస్కా వాసులకే, మీ అమ్మానాన్నలు రాడ్ పట్టుకోవాలనుకుంటే వాళ్ళకీ కొనాలి.

పెద్దవాళ్ళకి సాల్డోట్నాలో ఇంకో సౌకర్యం ఉంది. గట్లు కోసుకుపోకుండా, సాల్మన్ పిల్లలు దాక్కునే గడ్డి పాడవకుండా నది వెంట ఇనుప జాలీ నడకదారులు కట్టి, నీళ్ళలోకి మెట్లు పెట్టారు. సాల్డోట్నా క్రీక్ పార్క్, సెంటెనియల్ పార్క్ రెండింట్లోనూ ఉన్నాయి. కుర్చీ వేసుకుని మీరు పట్టడం చూస్తూ కూర్చోవచ్చు. జూలైలో పగలు స్వెట్టర్ సరిపోయే చలే, కానీ వాన ఎప్పుడైనా రావొచ్చు, రెయిన్ కోటు ఉండాలి. దోమలకి మందు కూడా. రష్యన్ రివర్ వైపు వెళ్తే మాత్రం గోధుమరంగు ఎలుగుబంట్లు నిజంగా తిరుగుతుంటాయి. సంచి, భోజనం, పట్టిన చేప అన్నీ చేతికి అందేంత దగ్గరలో ఉండాలి. పెద్దవాళ్ళని ఒంటరిగా కార్ దగ్గరికి పంపొద్దు.

చేప పడ్డాక చేసే పనే కూలర్లో దాని విలువ నిలబెడుతుంది. గట్టుకి లాగగానే తల మీద గట్టిగా కొట్టి చంపి, మొప్పలు కోసి, తాడుకి కట్టి ఆ చల్లటి నీళ్ళలోనే పది నిమిషాలు రక్తం పోనివ్వాలి. తర్వాత ఐసులోకి. ఎండలో రాళ్ళ మీద పడేస్తే ఎంత వెండి చేపైనా సాయంత్రానికి నీచు వాసన కొడుతుంది. అక్కడివాళ్ళు తలలు, జన (చేప గుడ్లు) వదిలేస్తారు. మీరు వదలొద్దు. సాకై తల పులుసు మీ అమ్మగారే ఆ రాత్రి చేసిపెడతారు, చింతపండు, మెంతులు మాత్రం డల్లాస్ నుంచే పట్టుకెళ్ళండి. సాకై కండలో కొవ్వు కింగ్ అంత ఉండదు, గట్టిగా ఉంటుంది, అందుకే పులుసుకి బాగా నిలుస్తుంది. వేపుడైతే మంట మీద ఎక్కువసేపు ఉంచొద్దు, పీచుబారుతుంది.

లేబర్ డే మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు వ్యక్తిగతంగా ఇష్టమైన సమయం అదే. ఆగస్టు నుంచి సెప్టెంబర్ దాకా కీనైలో సిల్వర్లు నడుస్తాయి. సాకైలా కాకుండా ఇవి ఎరకి కోపంతో ఎగబడతాయి. చేప జన ముద్దకీ, నీళ్ళలో గిరగిరా తిరిగే లోహపు ఎర స్పిన్నర్‌కీ పడతాయి. గట్టు ఖాళీగా ఉంటుంది, చెట్లు పసుపు పచ్చబడతాయి, రాత్రి చీకటి పడుతుంది కాబట్టి ఆకాశం తేటగా ఉంటే అరోరా (ఆకాశంలో రంగుల వెలుగులు) కూడా కనబడొచ్చు. కానీ వాన ఎక్కువ, సిల్వర్లు తెల్లవారుజామున ఒకటి రెండు గంటలసేపే బాగా పడతాయి, అవి ఆగే నెమ్మది నీటి మూలలు ఎక్కడున్నాయో తెలియాలి, చాలాసార్లు బోట్ కావాలి. కొత్తవాళ్ళకి కూలర్ నిండే అవకాశం సాకైతో పోలిస్తే బాగా తక్కువ. ఒకసారి జూలైలో వెళ్ళి చేయి తిరిగాక, రెండోసారి సెప్టెంబర్లో వెళ్ళండి. సరి సంవత్సరమైతే ఇంకోటి చూసుకోవాలి. పింక్ సాల్మన్ ఆయుష్షు కచ్చితంగా రెండేళ్లు, అందుకే సరి ఏడు సంతతి, బేసి ఏడు సంతతి ఎప్పుడూ కలవవు. కీనైకి సరి సంవత్సరాల్లో ఆగస్టులో పింక్‌లు విపరీతంగా వస్తాయి, సిల్వర్ కోసం వేసిన ప్రతి ఎరకీ అవే పడతాయి. పిల్లలకి అదొక పండగ గానీ, కూలర్ కోసం వచ్చినవాళ్ళకి ఇబ్బంది.

అలాస్కా దాకా వెళ్ళలేనివాళ్ళకి రెండు మాటలు. మా సియాటిల్ వైపు ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో లెక్క తలకిందులు, పింక్‌లు బేసి సంవత్సరాల్లో వస్తాయి. ఆగస్టులో లింకన్ పార్క్ ఒడ్డున నిలబడి గులాబీ రంగు జిగ్ (బరువు కట్టిన కృత్రిమ ఎర) వేస్తే చాలు. సెప్టెంబర్లో కోహో. న్యూజెర్సీ, న్యూయార్క్ వాళ్ళకి పులాస్కీ దగ్గర సాల్మన్ రివర్ ఉంది. ఆంటారియో సరస్సు నుంచి కింగ్‌లు సెప్టెంబర్ చివరి నుంచి అక్టోబర్ మొదటి వారాల్లో ఎక్కుతాయి. అక్కడ డ్యామ్ నుంచి నీళ్ళు వదిలే సమయం కూడా చూసుకోవాలి, నీళ్ళు పెరగగానే చేప కదులుతుంది. ఆ చేప తినే విషయంలో న్యూయార్క్ ఆరోగ్య శాఖ సూచనలు ఉన్నాయి, ముఖ్యంగా పిల్లలకీ గర్భిణులకీ, చదివాకే వండండి.

మీ విషయానికొస్తే, సాల్డోట్నాలో గదులు, యాంకరేజ్‌లో అద్దె కారు జనవరి, ఫిబ్రవరిలోనే బుక్ చేసుకోండి, జూన్ దాకా ఆగితే జూలై చివర ఏదీ దొరకదు. రద్దు చేసుకునే వీలున్న గదులే తీసుకోండి. వారంలో ఒకరోజు సీవార్డ్ అనే రేవు ఊళ్ళో, చేపలు పట్టడానికి సముద్రంలోకి తీసుకెళ్ళే అద్దె (చార్టర్) బోట్‌కి కేటాయించండి. జూలై చివరికి ఆ ఊరి ముందున్న రిసరెక్షన్ బేలో సిల్వర్లు మొదలవుతాయి, హాలిబట్ అనే పెద్ద బల్లపరుపు సముద్రపు చేప కూడా పడుతుంది. నదిలో లెక్క పడిపోయిన రోజుకి అదే మీ ఆసరా. సాల్డోట్నా నుంచి అక్కడికి రెండు గంటల దారి కాబట్టి ముందురోజు రాత్రికే సీవార్డ్ చేరుకోవడం మంచిది, బోట్లు పొద్దున్నే కదులుతాయి.